గని ద్వారం దగ్గర నిలిచినవారికి ఏమి చెప్పాలి?

కార్మికులు పనిచేసే చోట పెనుప్రమాదం జరిగిందని వినగానే వైద్యులమైన మేము మొదట ఆలోచించేది గాయపడినవారి గురించే. ఎందరికి ఒళ్ళు కాలింది, ఎందరికి విషవాయువు సోకింది, ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయి, ఎంత రక్తం కావాలి అన్న లెక్కలు వెంటనే మొదలవుతాయి. అది అవసరం కూడా. అయితే అదే సమయంలో కర్మాగారం గేటు బయట, గని ముఖద్వారం దగ్గర, ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద మరికొందరు నిలబడి ఉంటారు. వారి ఒంటి మీద గాయం కనిపించదు. వారు అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "మావాడు ఉన్నాడా?"

ఆ ప్రశ్నకు జవాబు ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి అన్నది నేను వైద్యం చదివిన రోజుల్లో మాకు ఎవరూ బోధించలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసిన కాలమంతా నేను గమనించిన విషయం ఒకటుంది. అత్యవసర విభాగం బయట నిలిచిన బంధువులు వైద్యుణ్ణి అడగడానికి జంకి, తలుపు తీసుకుని బయటకు వచ్చిన ప్రతివారినీ అడుగుతారు. ఆయా ఒకటి చెబుతుంది, కానిస్టేబులు ఇంకొకటి చెబుతాడు, పక్కన నిలబడ్డ అపరిచితుడు మూడోది చెబుతాడు. చెప్పవలసినవాడు చెప్పని చోట, చెప్పకూడని వారందరూ చెబుతారు.

గనుల చరిత్ర ఈ విషయంలో మనకు చాలా నేర్పుతుంది. గని ప్రమాదంలో కార్మికులు భూమి లోపల ఉంటారు, కుటుంబాలు పైన ఉంటాయి. నడుమ గంటలూ, రోజులూ, ఒక్కొక్కసారి వారాలూ గడుస్తాయి. ఆ నడిమి కాలంలో చెప్పిన మాట, చెప్పని మాట మనుషులను ఏమి చేస్తాయో మూడు గనుల కథల ద్వారా మీ ముందు ఉంచుతాను.

కూరియేర్, 1906

ఫ్రాన్సు దేశపు ఉత్తర భాగంలో లాన్స్ పట్టణానికి సమీపంలో కూరియేర్ సంస్థ బొగ్గు గనులు ఉండేవి. 1906 మార్చి 10వ తేదీ ఉదయం ఆరున్నర ప్రాంతంలో ఆ గనుల్లో బొగ్గు ధూళి అంటుకుని భయంకరమైన పేలుడు జరిగింది. గాలిలో తేలే సన్నని బొగ్గు పొడి ఒక్కసారి రాజుకుంటే మంట సొరంగాల వెంట పరుగెత్తుతుంది. మంట తాకనివారిని దాని వెనుకనే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువు చంపుతుంది. ఆ ప్రమాదంలో 1,099 మంది మరణించారు. వారిలో పసివయసు బాలురు కూడా చాలామంది ఉన్నారు. ఐరోపాలో అంతకు మించిన గని ప్రమాదం నేటికీ లేదు.

గని ద్వారాల ముందు వేలాది కుటుంబాలు చేరాయి. కొద్ది రోజులలోనే, లోపల ఇక ఎవరూ బతికి ఉండే అవకాశం లేదని ఇంజనీర్లు నిర్ణయించారు. మంటలను అదుపు చేసి గనిని కాపాడుకునే పని ముందుకు వచ్చింది, మనుషులను వెదికే పని వెనక్కు పోయింది. సంస్థ మనుషులను వదిలి బొగ్గును కాపాడుకుంటోందని కుటుంబాలు నమ్మాయి. అంత్యక్రియల రోజునే ఆగ్రహం కట్టలు తెంచుకున్నది. సమ్మె మొదలై ఇతర గనులకు పాకింది. వేలాది కార్మికులు పనిలోకి దిగలేదు. అప్పుడే దేశీయ వ్యవహారాల మంత్రి అయిన జార్జ్ క్లెమాన్సో స్వయంగా ఆ ప్రాంతానికి వెళ్ళాడు. చివరకు సైన్యం దిగింది.

మార్చి 30వ తేదీన, అంటే ప్రమాదం జరిగిన 20 రోజులకు, 13 మంది కార్మికులు చీకటి సొరంగాల్లో దారి వెదుక్కుంటూ తమంతట తామే నడిచి పైకి వచ్చారు. చనిపోయినవారి దగ్గర మిగిలిన తిండితో, తరువాత గనిలోని గుర్రం మాంసంతో వారు ప్రాణం నిలుపుకున్నారు. ఏప్రిల్ 4న ఇంకొకరు సజీవంగా దొరికారు.

ఆ 14 మందిని చూసిన ప్రజల మనసులో ఏమి మెదిలి ఉంటుందో ఆలోచించండి. ఆనందం కన్నా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "మరి మావాడు కూడా అన్ని రోజులు బతికే ఉన్నాడేమో?" ఇంజనీర్ల నిర్ణయం ఆనాటి విజ్ఞానం ప్రకారం సమంజసమా కాదా అన్న వాదన ఎలా ఉన్నా, ఒక దోషం స్పష్టం. తమకు ఖచ్చితంగా తెలియని విషయాన్ని వారు తెలిసినట్టు ప్రకటించారు. "ఎవరూ లేరు" అన్న మాటకూ, "ఎవరైనా ఉన్నారో లేదో మాకు తెలియదు" అన్న మాటకూ మధ్య ఎంత దూరం ఉందో ఆ 14 మంది నిరూపించారు.

సేగో, 2006

సరిగ్గా నూరేళ్ళ తరువాత, అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఇంకో విధమైన దోషం జరిగింది. అక్కడ తప్పుడు ఆశ చంపింది.

2006 జనవరి 2వ తేదీ ఉదయం, కొత్త సంవత్సరపు సెలవుల తరువాత మొదటి షిఫ్టులో, సేగో గనిలో పేలుడు జరిగింది. 13 మంది లోపల చిక్కుకున్నారు. గనిలో ఉన్న టెలిఫోను తీగలు పేలుడుకు తెగిపోయాయి. లోపలివారు బతికి ఉన్నదీ లేనిదీ పైవారికి తెలియదు. తమకోసం ఎవరైనా వస్తున్నారో లేదో లోపలివారికి తెలియదు. విషవాయువు ఎక్కువగా ఉండడంతో రక్షక బృందాలు చాలా గంటల తరువాత గానీ దిగలేకపోయాయి.

కుటుంబాలు గనికి దగ్గరలో ఉన్న చిన్న చర్చిలో చేరాయి. మరుసటి రోజు సాయంత్రం ఒక కార్మికుని శవం దొరికింది. మిగిలిన 12 మంది కోసం ప్రార్థనలు కొనసాగాయి. ఆ రాత్రి పన్నెండు గంటలు కావస్తుండగా చర్చిలోకి ఒక వార్త వచ్చింది: పన్నెండుగురూ సజీవంగా ఉన్నారు! చర్చి గంటలు మోగాయి. జనం ఒకరినొకరు కౌగలించుకుని ఏడ్చారు, పాడారు. టెలివిజను ఛానళ్ళు ప్రపంచమంతటికీ ఆ శుభవార్త చాటాయి. మరునాటి ఉదయం అచ్చైన ఎన్నో పెద్ద పత్రికల మొదటి పుటల్లో అదే శీర్షిక.

నిజానికి రక్షకులు కనుగొన్నది 12 మందిని. వారిలో ప్రాణం ఉన్నది ఒక్కరికే.

ఈ తారుమారు ఎలా జరిగింది? లోపలి రక్షకులు ముఖానికి శ్వాస పరికరాలు బిగించుకుని మాట్లాడారు. ఆ మాట గని లోపల ఒకరినుంచి ఇంకొకరికి అందుతూ పైన ఉన్న నియంత్రణ కేంద్రానికి చేరింది. చేతులు మారే కొద్దీ మాట మారింది. ఆ కేంద్రంలో మాటలు గదిలో అందరికీ వినిపించేలా స్పీకరులో వస్తున్నాయి. విన్నవారిలో కొందరు పట్టలేని ఆనందంతో సెల్‌ఫోన్లు తీశారు. అధికారికంగా ఎవరూ ప్రకటించకుండానే వార్త చర్చికి చేరింది. ఇంతవరకూ జరిగినది అలసిన మనుషుల పొరపాటు. దానిని క్షమించవచ్చు.

క్షమించడానికి కష్టమైనది ఆ తరువాత జరిగింది. వార్త తప్పు కావచ్చునని సుమారు 45 నిమిషాలకే నియంత్రణ కేంద్రానికి తెలిసింది. చర్చిలో ఉన్నవారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎందరు బతికి ఉన్నారో రూఢి చేసుకున్నాక చెబుదామని, కుటుంబాలను మళ్ళీ మళ్ళీ ఎత్తి పడవేయడం భావ్యం కాదని సంస్థ పెద్దలు ఆగారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు. ఎవరైనా స్పృహ తప్పి ఉండవచ్చు, వైద్యులు చూస్తే ప్రాణం దొరకవచ్చు అన్న ఆశ వారికీ ఉన్నది. కానీ తెల్లవారుజామున మూడు గంటలు కావస్తుండగా సంస్థ అధిపతి చర్చికి వచ్చి నిజం చెప్పేసరికి, అక్కడివారు దాదాపు మూడు గంటలపాటు తమవారు బతికి ఉన్నారన్న సంతోషంలో మునిగి ఉన్నారు. దుఃఖం క్షణంలో కోపంగా మారింది. కొందరు చెప్పినవారి మీదకు దూకారు.

"ఇంతకుముందు వచ్చిన వార్త ఇంకా నిర్ధారణ కాలేదు. అది తప్పు కూడా కావచ్చు. గంటలో మళ్ళీ వచ్చి చెబుతాము." ఈ మూడు వాక్యాలు అర్ధరాత్రి దాటిన వెంటనే చెప్పి ఉంటే మరణాలు ఆగేవి కావు. కాని ఆ మూడు గంటల గాయం తప్పేది.

అనిశ్చితి శరీరాన్ని ఏమి చేస్తుంది?

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయమని మీరు అనుకోవచ్చు. వైద్యుడిగా నేను అలా అనుకోను. ఆపద పొంచి ఉన్నదని తెలిసి, అది ఏమిటో తెలియనప్పుడు శరీరం పరుగెత్తడానికి సిద్ధమై నిలబడే ఉంటుంది. గుండె వేగం తగ్గదు, రక్తపోటు తగ్గదు, నిద్ర రాదు, ఆకలి వేయదు. మధుమేహం, గుండె జబ్బు ఉన్న పెద్దలు మందులు వేసుకోవడం మరచిపోతారు. గని ద్వారం దగ్గర, ఆసుపత్రి గేటు దగ్గర సొమ్మసిల్లి పడిపోయే తల్లిదండ్రులకు తక్షణం కావలసినవి నీరు, నీడ, కూర్చునే చోటు, నమ్మదగిన మాట.

దుఃఖాన్ని వైద్యశాస్త్రం మొదటిసారి నిశితంగా పరిశీలించినది కూడా ఒక పెనుప్రమాదం తరువాతనే. 1942 నవంబరు 28న బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే నృత్యశాల తగలబడి 492 మంది మరణించారు. అయినవారిని పోగొట్టుకున్నవారిని పరిశీలించి మనోవైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. గొంతు బిగుసుకుపోవడం, నిట్టూర్పులు, నిస్సత్తువ, పోయినవారి రూపమే కళ్ళముందు కదలడం, "నేను ఇంకేదో చేసి ఉండవలసింది" అన్న అపరాధభావం, కారణం లేకుండా ఇతరుల మీద కోపం, ఇవన్నీ తీవ్రదుఃఖపు లక్షణాలని ఆయన వివరించాడు. కనుక, ప్రమాదం తరువాత బంధువులు అరిచినా, తిట్టినా దానిని అల్లరిగా కాక లక్షణంగా చూడాలి. జ్వరం వచ్చినవాడి ఒళ్ళు వేడిగా ఉందని మనం కోప్పడం కదా!

ఇక అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ మరొక అవస్థను గుర్తించి దానికి పేరు పెట్టారు. మనిషి లేడు, అయితే పోయాడనడానికి ఆధారమూ లేదు. దీనిని తేలని దుఃఖం అనవచ్చు. మన ఇళ్ళలో ఇది ఎంత కఠినమో చెప్పనక్కరలేదు. శవం లేనిదే కర్మకాండ ఎలా జరపాలి? భార్య బొట్టు ఉంచుకోవాలా, తీయాలా? తిథి ఏ రోజున పెట్టాలి? ఇంటి పెద్ద కుర్చీని కదిలించాలా వద్దా? ఇటువంటి కుటుంబాలకు "మరచిపోండి" అన్న సలహా పనికిరాదు. వెదకడానికి ఏమేమి చేశారో, ఎందుకు దొరకలేదో, ఇక దొరికే అవకాశం ఎంతో ఒక బాధ్యత గల వ్యక్తి ఎదురుగా కూర్చుని ఓపికగా చెప్పడమే వారికి దక్కవలసిన కనీస న్యాయం.

చట్టం ఒక్కటే చాలదు

సేగో దుర్ఘటన జరిగిన అయిదారు నెలలకే, 2006 జూన్ 15న, అమెరికాలో గనుల భద్రతకు కొత్త చట్టం అమలులోకి వచ్చింది. ప్రాణాపాయం కలిగించే ప్రమాదం జరిగితే 15 నిమిషాల లోపల ప్రభుత్వానికి తెలపాలని, గనిలో ఉన్నవారితో తీగలు లేకుండా మాట్లాడే ఏర్పాటు ఉండాలని అది ఆదేశించింది. మన విషయానికి అత్యంత ముఖ్యమైన నిబంధన ఇంకొకటి ఉన్నది. బాధిత కుటుంబాలతో నిరంతరం ఉండి వారికి సమాచారం అందించడానికి ప్రభుత్వం తన మనిషిని నియమించాలి. కుటుంబాలకు, పత్రికలకు ప్రధానంగా మాట్లాడవలసింది గని యజమాని కాదు, ప్రభుత్వ గనుల భద్రతా సంస్థ.

మరుసటి ఏడాదే ఆ నిబంధనకు పరీక్ష వచ్చింది. 2007 ఆగస్టు 6న యూటా రాష్ట్రంలోని క్రాండల్ కాన్యన్ గని కూలి ఆరుగురు లోపల చిక్కుకున్నారు. చట్టం ఉన్నప్పటికీ టెలివిజను కెమెరాల ముందు రోజూ మాట్లాడినది గని యజమానే. గని కూలడానికి భూకంపమే కారణమని ఆయన పదే పదే చెప్పాడు. భూకంప శాస్త్రజ్ఞులు అందుకు భిన్నంగా, పరికరాలు నమోదు చేసిన కంపనం గని కూలినదేనని తేల్చారు. ఆగస్టు 16న రక్షణ పనులలో ఉన్న ముగ్గురు మరణించారు. ఆ ఆరుగురి శవాలు ఈనాటికీ కొండ లోపలే ఉన్నాయి. కాగితం మీద రాసిన నియమాన్ని అమలు చేసే మనిషికి గట్టిదనం లేకపోతే, ఎక్కువ గొంతు ఉన్నవాడే మాట్లాడతాడని ఆ ఘటన తెలిపింది.

సాన్ హొసే, 2010

మూడవ కథ దక్షిణ అమెరికాలోని చిలీ దేశానిది. 2010 ఆగస్టు 5న కొపియాపో పట్టణం దగ్గర ఎడారిలో ఉన్న సాన్ హొసే గని కూలి 33 మంది దాదాపు 700 మీటర్ల లోతున చిక్కుకున్నారు. కుటుంబాలు గని బయటే డేరాలు వేసుకున్నాయి. ఆ గుడారాల ఊరికి "ఆశ శిబిరం" అని పేరు పెట్టుకున్నారు.

రెండు రోజులకు రక్షకులు దిగుతున్న మార్గం కూడా కూలిపోయింది. అప్పుడు గనుల మంత్రి లారెన్స్ గోల్‌బోర్న్ కుటుంబాల ముందుకు వచ్చి, వార్త మంచిది కాదని చెప్పాడు. చెబుతూ చెబుతూ కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. మంత్రి ఏడవడం బలహీనత అని కొందరు అనవచ్చు. కాని ఆయన చెడ్డవార్తను తానే, స్వయంగా, వారి ముఖం చూస్తూ చెప్పాడు. తరువాతి రోజుల్లోనూ అక్కడే ఉండి చెబుతూ వచ్చాడు. 17 రోజులపాటు పైకి ఏ ఆనవాలూ రాలేదు. ఆగస్టు 22న, లోపలికి దింపిన డ్రిల్లు పరికరాన్ని పైకి తీస్తే దానికి ఒక చీటీ కట్టి ఉన్నది. మేము 33 మందిమీ ఆశ్రయంలో క్షేమంగా ఉన్నామని ఎర్ర సిరాతో రాసి ఉన్నది.

ఇప్పుడు సమస్య తలకిందులయింది. లోపల ఉన్నవారికి ఏమి చెప్పాలి? వారిని బయటకు తీయడానికి నెలలు పట్టవచ్చు. ఆ మాట వింటే కుంగిపోతారేమో! వైద్యుడు కూడా అయిన ఆరోగ్య మంత్రి హైమె మన్యాలిక్ బృందం కొద్ది రోజులలోనే వారికి నిజం చెప్పింది. సెప్టెంబరులో వచ్చే జాతీయ పండుగకు బయటకు రాలేరని, క్రిస్మసు నాటికి కుటుంబాలతో ఉంటారని ఆశిస్తున్నామని తెలిపింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నుంచి వచ్చిన వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కూడా లోపలివారితో నిజాయితీగా ఉండమనే సలహా ఇచ్చారు. పూర్తి చేయలేని మాట ఇస్తే తరువాత ఏమి చెప్పినా నమ్మరు. ఆ 33 మంది కుంగిపోలేదు. పనులు పంచుకున్నారు, వ్యాయామం చేశారు. 69 రోజుల తరువాత, అక్టోబరు 13న, ఒక్కొక్కరుగా పైకి వచ్చారు. ముందు చెప్పిన గడువు కన్నా ఎంతో ముందుగా వచ్చారు.

ఆ నిర్వహణలోనూ లోపాలు లేకపోలేదు. కుటుంబాలు లోపలికి పంపే ఉత్తరాలను మొదట్లో నిపుణులు చదివి, వడపోసి పంపారు. అది తెలిసి గనివారు నొచ్చుకున్నారు. మంచి ఉద్దేశంతో చేసిన దాపరికం కూడా దాపరికమే.

బతికి బయటపడ్డ ఉద్యోగులు

కుటుంబాల గురించి ఇంతవరకు చెప్పుకున్నాము. అదే షిఫ్టులో ఉండి బయటపడినవారు, ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నవారు, ఫోను దగ్గర కూర్చున్నవారు, రక్షక బృందాలవారు ఉంటారు. వీరిని సాధారణంగా ఎవరూ పలకరించరు. పలకరించేది దర్యాప్తు అధికారులు మాత్రమే.

సేగోలో ప్రమాదం రోజున విధుల్లో ఉన్న ఇద్దరు ఉద్యోగులు అదే సంవత్సరం కొన్ని వారాల తేడాతో ఆత్మహత్య చేసుకున్నారు. వారివల్ల తప్పు జరిగిందని ఎవరూ తేల్చలేదు. ఒక మనిషి ప్రాణం తీసుకోవడానికి కారణాలు అనేకం ఉంటాయి, కాబట్టి ఇదే కారణమని మనం అనకూడదు. అయినా, ప్రమాదం తరువాత ఉద్యోగులను కనిపెట్టుకుని ఉండవలసిన కాలం వారాలు కాదు, నెలలు, సంవత్సరాలు అన్న హెచ్చరిక అందులో ఉన్నది.

ఇంకొక ఉదాహరణ మనసుకు హత్తుకునేది. సేగోలో బతికిన ఆ ఒక్క కార్మికుడు కోలుకున్నాక, ఏప్రిల్ నెలలో, తన పన్నెండుగురు సహచరుల కుటుంబాలకు ఉత్తరం రాశాడు. కనీసం నాలుగు శ్వాస పరికరాలు పనిచేయలేదని, ఉన్నవాటిని పంచుకున్నామని, పైవారికి వినబడాలని గని పైకప్పు బోల్టులను సుత్తితో కొట్టామని, జవాబు రాలేదని, చివరకు అందరం ఇంటివారికి చీటీలు రాసుకున్నామని తెలిపాడు. బాధ కలిగించే వివరాలే. కాని కుటుంబాలకు కావలసినవి అవే. తమవాడు ఒంటరిగా పోలేదని, ఒకరి పక్కన ఒకరు కూర్చుని ప్రార్థించుకున్నారని తెలిసింది. సంస్థ, ప్రభుత్వం, పత్రికలు ఇవ్వలేని ఓదార్పు తోటి కార్మికుడి నిజమైన మాట ఇవ్వగలదు.

ఇటువంటి ఉద్యోగులందరినీ మరునాడే ఒక గదిలో కూర్చోబెట్టి, జరిగినదంతా బలవంతంగా చెప్పించడం ఒకప్పుడు మంచిదనుకునేవారు. అది మేలు చేస్తుందనడానికి ఆధారం లేదని, కొందరికి హాని కూడా చేయవచ్చని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రచురించిన మార్గదర్శక గ్రంథం చెప్పేది సులువు: పరిస్థితిని చూడండి, చెప్పేది వినండి, అవసరమైన సహాయంతో కలపండి. మాట్లాడాలనుకున్నవారు మాట్లాడతారు. మౌనంగా ఉండేవారి పక్కన కూర్చోవడమే సహాయం.

మన నేల మీద

ఇవన్నీ దూరదేశపు ముచ్చట్లని తోయకండి. సింగరేణి ప్రాంతంలో షిఫ్టుకు వెళ్ళే ప్రతి కార్మికునికీ మస్టరు పడుతుంది, లాంప్ రూములో దీపం అందుతుంది. ఏ దీపం తిరిగి రాలేదో చూస్తే ఎవరు లోపల ఉన్నారో తెలుస్తుంది. కుటుంబానికి చెప్పగలిగే మొదటి నిజం ఆ పట్టికలోనే ఉన్నది. కాంట్రాక్టు కార్మికుల పేర్లు, వారి ఊరు, ఇంటివారి ఫోను నంబరు కూడా ప్రతి కర్మాగారంలో అంత పక్కాగా ఉన్నప్పుడే ప్రమాదం రోజున మాట నిలుస్తుంది.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా కార్మికులను కోల్పోయాము. వారిలో చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారు. శరీరాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉండడంతో డీఎన్‌ఏ పరీక్షల కోసం బంధువులు రోజుల తరబడి ఎదురుచూశారు. కొందరి ఆనవాళ్ళు దొరకనే లేదు. భాష రాని ఊరిలో, రక్తపు నమూనా ఎందుకు తీస్తున్నారో, ఫలితం ఎప్పుడు వస్తుందో వారికి వారి భాషలో, ఒకే మనిషి, రోజూ చెప్పవలసి ఉంటుంది. డీఎన్‌ఏ పరీక్ష ప్రయోగశాలలో జరిగే పని. ఆ పరీక్ష గురించి చెప్పడం మాత్రం మనుషులు చేయవలసిన పని.

మన అలవాట్లలో ఒకదాన్ని గురించి కూడా మాట్లాడుకోవాలి. మరణవార్తను ఫోనులో చెప్పడానికి మనకు నోరు రాదు. "కాస్త సీరియస్‌గా ఉంది, బయలుదేరి రండి" అంటాము. దారిలో కంగారుపడి వాహనం నడిపేవాడికి మరో ప్రమాదం జరగకూడదన్న జాగ్రత్త అందులో ఉన్నది, కాదనను. కాని ఈనాడు అతను బస్సు ఎక్కేలోపే వాట్సాపులో ఫొటోతో సహా నిజం వచ్చేస్తుంది. కాబట్టి కుటుంబంలో ఒక పెద్దకు విషయం పూర్తిగా చెప్పి, ఆయన పక్కన ఉండగా మిగిలినవారికి తెలియజేయడం ఉత్తమం.

ఎలా చెప్పాలి?

రోగులకు కఠినమైన వార్త చెప్పే పద్ధతిని అమెరికా క్యాన్సర్ వైద్యులు 2000 సంవత్సరంలో ఆరు మెట్లుగా కూర్చారు. పెనుప్రమాదాల సమయానికి తగినట్టు, నా అనుభవాన్ని జోడించి ఆ మెట్లను ఇలా చెబుతాను.

మొదటిది, చోటు. గేటు దగ్గర, గుంపులో, కెమెరాల ముందు కాదు. కూర్చునే వీలున్న గదిలో, చెప్పేవారు కూడా కూర్చుని చెప్పాలి. రెండవది, వారికి ఇప్పటికే ఏమి తెలిసిందో అడగాలి. పుకారు ఎక్కడ ఉందో తెలిస్తేనే దాన్ని తొలగించగలం. మూడవది, ఎంత వివరం వినదలచుకున్నారో తెలుసుకోవాలి. నాలుగవది, చిన్న వాక్యాలలో, సూటిగా చెప్పాలి. "చేయగలిగింది చేశాము", "ఇక దేవుడి దయ" వంటి మాటలకు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం తీసుకుంటారు. మరణించినవారి విషయంలో "చనిపోయారు" అన్న మాటే వాడాలి. అయిదవది, ఏడవనివ్వాలి. ఆ మౌనాన్ని మాటలతో నింపే ప్రయత్నం చేయకూడదు. ఆరవది, తరువాత ఏమి జరుగుతుందో, మళ్ళీ ఎప్పుడు ఎవరు వచ్చి చెబుతారో తెలిపి, ఆ వేళకు తప్పకుండా రావాలి. చెప్పడానికి కొత్త విషయం ఏమీ లేకపోయినా రావాలి.

వీటన్నిటి కన్నా ముందు రెండు నియమాలు ఉన్నాయి. పత్రికలకన్నా ముందు కుటుంబాలకు చెప్పాలి. ఉద్యోగులకు కూడా, టెలివిజనులో చూడకముందే, తమ పైఅధికారి నోటి నుంచి తెలియాలి. రెండవ నియమం, నిర్ధారణ అయినదీ కానిదీ విడదీసి చెప్పాలి. "ఇది మాకు తెలుసు. ఇది మాకు ఇంకా తెలియదు. తెలుసుకోవడానికి ఈ పని చేస్తున్నాము." కూరియేరులో తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పారు. సేగోలో తెలిసినదాన్ని తెలియనట్టు దాచారు. సాన్ హొసేలో, లోపాలు ఉన్నా, తెలిసినదీ తెలియనిదీ రెండూ చెప్పడానికి ప్రయత్నించారు.

మీలో కర్మాగారాలు, క్వారీలు, గోదాములు నడిపేవారు ఉండవచ్చు. ప్రమాదం జరిగిన రోజున ఈ ఏర్పాట్లు చేయడం సాధ్యం కాదు. ఈ వారమే మీ దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరి పేరు, ఇంటివారి ఫోను నంబరు, వారు మాట్లాడే భాష ఒక పట్టికలో రాసి, దాని ప్రతి ఒకటి పనిచేసే చోటికి దూరంగా భద్రపరచండి. ఆపద వేళ కుటుంబాలతో మాట్లాడే మనిషి ఎవరో ఇప్పుడే నిర్ణయించండి. ఉద్యోగులైతే, మీ ఇంటి నంబరు ఆ పట్టికలో సరిగ్గా ఉన్నదో లేదో చూసుకోండి. ఇటువంటి దుర్ఘటన నుంచి బయటపడి, నెలలు గడిచినా నిద్రపట్టనివారు, బతకాలని అనిపించనివారు మీ చుట్టూ ఉంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ 14416 నంబరులో రాత్రింబవళ్ళు అందుబాటులో ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

చనిపోయినవారిని తిరిగి తెచ్చే మందు మా దగ్గర లేదు. బయట నిలబడినవారికి వేళకు చెప్పిన నిజం మాత్రం ఎవరైనా ఇవ్వగలిగిన మందు.